గోడ దాటే దరువు... బజర్ బిళ్లతో పట్టేద్దామా!

పక్క ఫ్లాట్లో పాట పెట్టారు. ఏ పాటో తెలీదు. పాడుతున్నది ఎవరో తెలీదు. పల్లవి నడుస్తోందో చరణం నడుస్తోందో కూడా అర్థం కాదు. కానీ ‘డుబ్... డుబ్... డుబ్’ మాత్రం మీ దిండు లోపల్నుంచే వస్తున్నట్టు ఉంటుంది. ఇక తట్టుకోలేక వెళ్లి బెల్లు కొడితే వాళ్లు ఆశ్చర్యంగా చూస్తారు. ‘‘అంత సౌండేం పెట్టలేదండీ, మేం మామూలుగా మాట్లాడుకుంటూనే వింటున్నాం’’ అంటారు. సరే, ఫోన్లో డెసిబెల్ యాప్ తెరిచి సాక్ష్యం చూపిద్దామంటే అది కూడా వాళ్ల పక్షమే. స్క్రీన్ మీద నంబరు చాలా బుద్ధిగా కనిపిస్తుంది.

ఇందులో ఎవరూ అబద్ధం ఆడట్లేదు. వాళ్లకి వినిపిస్తున్నది పాట. మీకు వినిపిస్తున్నది ఆ పాటలోంచి గోడ వడకట్టి పంపిన దరువు. ఈ రెండూ ఒకటి కాదు. పైగా మన దగ్గర శబ్దాన్ని కొలిచే పద్ధతికి ఆ దరువంటే కాస్త చెవుడు. అందుకే ఇలాంటి గొడవలన్నీ ‘‘నీది భ్రమ’’, ‘‘నీది మొండితనం’’ అనే దగ్గర ఆగిపోతుంటాయి.

కానీ ఆ దరువు భ్రమ కాదని మన గోడే చెబుతుంది. వినడానికి ల్యాబ్ అక్కర్లేదు. మీ చేతిలోని ఫోను, బొమ్మల్లో ఉండే బజర్ బిళ్ల, మూలన పడేసిన పాత స్పీకరు... ఈ మూడూ చాలు. మిగతాదంతా కాస్త ఫిజిక్స్, కాస్త కోడ్.

గోడ అంటే ఒక జల్లెడ

శబ్దం గోడ దాటాలంటే గోడని కదిలించాలి. బరువైన దాన్ని మెల్లగా ఊపడం తేలిక, వేగంగా ఊపడం కష్టం. నిండా నీళ్లున్న బిందెని పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ జరపొచ్చు. అదే బిందెని సెకనుకి పదిసార్లు ఆడించి చూడండి, తెలుస్తుంది. గోడ విషయంలోనూ అంతే. పాటలోని సన్నటి ధ్వనులు సెకనుకి వేలసార్లు అటూ ఇటూ నెడతాయి, ఇటుక గోడ వాటిని పెద్దగా పట్టించుకోదు. డ్రమ్ము, బాస్ మాత్రం సెకనుకి యాభై, అరవై సార్లే నెడతాయి. గోడ వాటికి లొంగుతుంది.

ఇంజినీర్లు దీన్ని ‘మాస్ లా’ అంటారు. దాని ప్రకారం ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గిన ప్రతిసారీ గోడ ఆపే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 1000 హెర్ట్జ్ నుంచి 500, 250, 125, 63... ఇలా నాలుగు మెట్లు దిగితే 24 డెసిబెళ్లు. అంటే గాయకుడి గొంతుతో పోలిస్తే కిక్ డ్రమ్ముకి మన గోడ 24 డెసిబెళ్లు పలచన. ఒత్తిడి లెక్కలో ఇది దాదాపు 16 రెట్ల తేడా. నిజం గోడలకి పగుళ్లు, కిటికీలు, పైపుల సందులు ఉంటాయి కాబట్టి ఈ లెక్క అచ్చుగుద్దినట్టు రాదు. కానీ దారి మాత్రం ఇదే. గోడ మందం పెంచినా, బరువు రెట్టింపైతే గానీ మరో 6 డెసిబెళ్లు దక్కవు.

ఇక మన గది కూడా బాస్‌కి సాయం చేస్తుంది. 63 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు ఐదున్నర మీటర్లు. అంటే అది మన బెడ్‌రూమ్ కన్నా పెద్దది. 12 అడుగులకి 10 అడుగుల గది తీసుకుంటే, సగం తరంగం ఆ కొలతల్లో సరిగ్గా ఇమిడే ఫ్రీక్వెన్సీలు సుమారు 47, 56 హెర్ట్జ్. సరిగ్గా కిక్ డ్రమ్ము తిరిగే పేటలోనే! అక్కడ గది ఊయలలా ఊగుతుంది. గోడల దగ్గర, మూలల్లో శబ్దం పెరుగుతుంది, గది మధ్యలో తగ్గుతుంది. మంచం తలవైపు గోడకి ఆనించి పడుకునే వాళ్లకి దరువు ఎక్కువగా వినిపించేది అందుకే. అదే ఇంట్లో హాల్లో కూర్చున్న నాన్న ‘‘నాకేం వినపడట్లేదే!’’ అంటే ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయన కూర్చున్న చోట నిజంగానే లేకపోవచ్చు.

మీటరుకి చెవుడు ఎందుకొచ్చింది?

మన చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకేలా వినదు. చిన్న శబ్దాల్లో బాస్‌ని బాగా తక్కువగా వింటుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని గీతలుగా గీసి చూపించారు. ఆ తరహా గీతల ఆధారంగానే మీటర్లలో ‘ఏ-వెయిటింగ్’ అనే తూకం వచ్చింది. ఆ తూకం వేశాక వచ్చే నంబరే డీబీఏ. మన నియమాల్లో ఉండేదీ, చాలా యాప్‌లు చూపించేదీ ఇదే.

ఈ తూకం 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెళ్లు కోసేస్తుంది. అంటే మీ గదిలో 75 డెసిబెళ్ల ‘డుబ్’ మోగుతుంటే మీటరు చూపించేది 49 డీబీఏ. ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడితే వచ్చే శబ్దం కన్నా అది తక్కువే. అదే సీ-వెయిటింగ్ అనే మరో తూకం పెడితే 63 హెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్ కూడా పోదు. మీటరు ఒకటే, బటన్ వేరు, తీర్పు వేరు.

దీన్ని మన చట్టంతో కలిపి చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డీబీఏ పరిమితి. రాత్రి అంటే పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా. పరిమితి కన్నా 10 డీబీఏ లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఫిర్యాదు చేయొచ్చని నియమం చెబుతోంది. అంటే రాత్రి 55 డీబీఏ. మరి 63 హెర్ట్జ్ దరువు ఒక్కటే అంత చూపించాలంటే అసలు శబ్దం 81 డెసిబెళ్లకి చేరాలి! అదీ నిరంతరాయంగా మోగాలి. ఎందుకంటే ఆ పరిమితి ఒక సమయం మీద తీసే సగటు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండే నిశ్శబ్దం కూడా ఆ సగటులో కలిసిపోతుంది. నిద్ర చెడగొట్టేది దెబ్బ అయితే, మార్కులు పడేది గ్యాప్‌కి.

ఒక మంచి విషయం కూడా ఉంది. రాత్రిపూట ఆంక్షల్ని ఉల్లంఘిస్తే ఈ ‘పది ఎక్కువ’ లెక్కతో పనిలేకుండానే ఫిర్యాదు చేయొచ్చు. జర్మనీ వాళ్లు ఇళ్లలోకి వచ్చే బాస్ శబ్దం కోసమే ‘డిన్ 45680’ అని విడిగా ఒక ప్రమాణం పెట్టుకున్నారు. 1997 నాటి ఆ ప్రమాణంలో కిటుకు చాలా సింపుల్. సీ తూకంలో వచ్చిన నంబరులోంచి ఏ తూకంలో వచ్చిన నంబరు తీసేయాలి. తేడా 20 డెసిబెళ్లు దాటితే అక్కడ బాస్ సమస్య ఉన్నట్టు అనుమానించి లోతుగా కొలవాలి. మన దగ్గర 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లని నిషేధించారు. వీధిలో డీజేకి అలా అడ్డుకట్ట పడొచ్చు. పక్కింటి సబ్‌వూఫర్‌కి?

వెంట్రుకలో ఐదొందలో వంతు

ఇంతకీ గోడ ఎంత కదులుతుంది? ఒక లెక్క వేద్దాం. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్. చదరపు మీటరుకి సుమారు 230 కిలోల బరువు అనుకుందాం. అవతలి గదిలో 60 హెర్ట్జ్ బాస్ 100 డెసిబెళ్లతో గోడని తాకుతోంది. అంటే గట్టిగానే పెట్టారు. మాస్ లా ప్రకారం గోడ కదలిక దాదాపు 0.12 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అందులో ఐదొందలో వంతు కన్నా కాస్త తక్కువ, అంతే. గోడ తన సహజ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగితే ఇంకొంత పెరగొచ్చు.

ఇంత చిన్న కదలికని హాబీ ప్రాజెక్టుల్లో వాడే ఎంపీయూ6050 యాక్సిలరోమీటర్‌తో పట్టగలమా? ఆ గోడ త్వరణం గురుత్వాకర్షణలో వెయ్యింట రెండో వంతు కూడా ఉండదు. సెన్సర్ డేటాషీట్ చూసి 100 హెర్ట్జ్ వెడల్పుకి లెక్కగడితే, దాని సొంత రొద దానికి రెండింతలు పైగా ఉంది. అంటే ముడి డేటా గ్రాఫ్ గీస్తే గడ్డి తప్ప ఏమీ కనిపించదు. చాలామంది ఇక్కడే ‘‘వర్క్ అవ్వట్లేదు’’ అని వదిలేస్తారు.

కానీ మన దగ్గర ఒక తురుపుముక్క ఉంది. దరువు తిరిగి తిరిగి వస్తుంది. సెన్సర్ రొదకి ఆ క్రమశిక్షణ ఉండదు.

బతుకమ్మ ఆడుతున్న చోట గమనించండి. వందమంది మాటలు కలిసి ఒక హోరు అయిపోతాయి. రెండు వీధుల అవతల ఉన్నవాళ్లకి ఆ మాటల్లో ఒక్కటీ తెలీదు. చప్పట్లు మాత్రం తెలుస్తాయి. అందరి చేతులూ ఒకే క్షణాన కలుస్తాయి కాబట్టి. ఇక్కడా అదే సూత్రం. నిమిషానికి 120 దెబ్బలున్న పాట అనుకోండి, దాన్నే 120 బీపీఎం అంటాం. నిమిషం డేటాని అర సెకను ముక్కలుగా కోసి ఒకదానిమీద ఒకటి పేరిస్తే, దరువు 120 సార్లు పోగవుతుంది. రొద మాత్రం తనని తానే కొట్టేసుకుంటూ 120 వర్గమూలం అంత, అంటే 11 రెట్లే పెరుగుతుంది. మనకి మిగిలే లాభం దాదాపు 11 రెట్లు. గడ్డిలోంచి కొండ లేస్తుంది.

మూడు సెన్సర్లు, మూడు బడ్జెట్లు

*ఒకటి: మీ ఫోన్.* జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేసిన ‘ఫైఫాక్స్’ అనే ఉచిత యాప్ ఉంది. ఫోన్లోని సెన్సర్లన్నిటినీ ల్యాబ్ పరికరాల్లా వాడనిస్తుంది. అందులో ‘యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్’ తెరిచి, కవర్ తీసేసిన ఫోన్‌ని డబుల్ సైడ్ టేప్‌తో గోడకి గట్టిగా అంటించండి. కింద దిండు పెట్టడం మర్చిపోవద్దు, టేప్‌ని నమ్మలేం! చేత్తో పట్టుకుంటే మాత్రం మీ చెయ్యి వణుకే కొలుస్తారు. 60 హెర్ట్జ్‌ని పట్టాలంటే సెన్సర్ సెకనుకి కనీసం 120 కన్నా ఎక్కువ రీడింగులు తీయాలి. కొన్ని ఫోన్లు 100 దగ్గరే ఆగిపోతాయి. అలాంటి ఫోన్లో 60 హెర్ట్జ్ దరువు 40 హెర్ట్జ్‌గా కనిపించి మోసం చేస్తుంది. సినిమాలో జోరుగా వెళ్లే బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుందే, అదే మాయ.

*రెండు: బజర్ బిళ్ల.* ఇత్తడి రంగు పళ్లెం మీద తెల్లటి సెరామిక్ పూత ఉంటుంది. మ్యూజికల్ గ్రీటింగ్ కార్డుల్లో, బొమ్మల్లో, అలారాల్లో చూసే ఉంటారు. అదే పీజో డిస్క్. కరెంటు ఇస్తే వంగి మోగుతుంది, వంచితే కరెంటు పుట్టిస్తుంది. పీజో స్ఫటికాల ఈ గుణాన్ని 1880లో క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అయినా టీ ఖర్చుతో దొరుకుతుంది. దాన్ని గోడకి అంటించి, పైన టేప్ వేసి ఒక నాణెం అతికించండి. గోడ కదిలినా నాణెం తన బరువు వల్ల కాస్త మొరాయిస్తుంది. ఆ మొరాయింపే బిళ్లని నొక్కుతుంది.

ఇక్కడ ఒక రెసిస్టర్ మొత్తం కథని మార్చేస్తుంది. 27 మిల్లీమీటర్ల బిళ్ల సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. దానికి అడ్డంగా 1 మెగాఓమ్ రెసిస్టర్ పెడితే 8 హెర్ట్జ్ పైనున్నవన్నీ వస్తాయి. చేతికి దొరికింది కదా అని 10 కిలోఓమ్ పెడితే ఆ గేటు 800 హెర్ట్జ్‌కి ఎగబాకుతుంది. మనకి కావాల్సిన బాస్ మొత్తం బయటే ఉండిపోతుంది. బిళ్ల నుంచి వచ్చే సిగ్నల్ చాలా నీరసమైనది కాబట్టి, మధ్యలో ఎంసీపీ6002 లాంటి ఆప్-ఆంప్ పెట్టి పెంచి, అప్పుడు ఆర్డుయినోకో ఈఎస్పీ32కో ఇవ్వాలి. తీగలు పొడుగైతే ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ హమ్‌ని లాగేస్తాయి. అందుకే వీలైనంత పొట్టి తీగ, లేదా పాత ఆడియో కేబుల్‌లోని షీల్డ్ వైరు వాడండి.

*మూడు: పాత స్పీకరు.* స్పీకర్‌ని తిరగేస్తే మైకు. కాయిల్ కదిలితే కరెంటు పుడుతుంది. కోన్ మధ్యలో రెండు మూడు నాణేలు అతికించి, అయస్కాంతం వైపు నేలకి ఆనించి పెట్టండి. నేల కంపిస్తే అయస్కాంతం దాంతోపాటు కదులుతుంది, నాణేలున్న కాయిల్ ఉన్నచోటే ఉండటానికి చూస్తుంది. ఆ తేడాయే సిగ్నల్. భూమి లోపలి పొరల్ని వెతికేవాళ్లు వాడే జియోఫోన్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. పై అంతస్తు నుంచో, కింది అంతస్తు నుంచో వచ్చే దరువుకి ఇది బాగా సరిపోతుంది.

కోడ్ చేసే పని

బీట్‌ని పట్టడమంటే 60 హెర్ట్జ్‌ని పట్టడం కాదు. 60 హెర్ట్జ్ అనేది డ్రమ్ము స్వరం. ఆ స్వరం సెకనుకి ఎన్నిసార్లు ఉబ్బి తగ్గుతోంది అన్నదే దరువు. కాబట్టి నాలుగు మెట్లు ఎక్కాలి.

మొదట సెకనుకి 500 రీడింగులు తీసుకోండి. రెండోది, అందులోంచి 40 నుంచి 120 హెర్ట్జ్ దాకా ఉన్నది మాత్రమే ఉంచి మిగతాది ఫిల్టర్ చేయండి. ఫ్యాను ఊపు, లిఫ్టు కుదుపు చాలావరకు ఇక్కడే పోతాయి. మూడోది, మైనస్ విలువలన్నిటినీ ప్లస్ చేసి, నునుపు చేసి, సెకనుకి 50 విలువలకి కుదించండి. ఇప్పుడు మీ దగ్గరున్నది దరువు ఆకారం. నాలుగోది ఆటోకోరిలేషన్. పేరు చూసి భయపడొద్దు. ఆ గ్రాఫ్‌ని ట్రేసింగ్ పేపర్ మీద ఇంకో కాపీ తీసి, అసలు దానిమీద పెట్టి పక్కకి జరుపుతూ పోవడమే. ఎంత జరిపితే కొండల మీద కొండలు కూర్చుంటాయో అదే దెబ్బకీ దెబ్బకీ మధ్య సమయం. అర సెకను అయితే 120 బీపీఎం.

వెతుకులాటని 0.3 సెకన్ల నుంచి 1 సెకను దాకా పెట్టండి. అంటే 200 నుంచి 60 బీపీఎం. ఒక చిట్కా ఏంటంటే, మొదటి కొండ దగ్గర ఆగొద్దు. సెకనుకి 50 విలువలే ఉన్నాయి కాబట్టి అర సెకను దగ్గర ఒక్క అడుగు తేడా వచ్చినా 120 కాస్తా 115 అవుతుంది. ఎనిమిదో కొండ దాకా, అంటే 4 సెకన్ల దాకా వెళ్లి కొలిచి ఎనిమిదితో భాగిస్తే పొరపాటు ఒక బీపీఎం లోపుకి వస్తుంది. ఇంకో ఇబ్బంది... కోడ్‌కి 60, 120 రెండూ కవలల్లా కనిపిస్తాయి. తీన్మార్ లాంటి దరువులో దెబ్బల మధ్య గ్యాప్‌లు సమానంగా ఉండవు కాబట్టి ఒక్క దెబ్బ కాకుండా మొత్తం ఆవృత్తమే పైకి తేలుతుంది. అది తప్పు కాదు. దరువు మళ్లీ మొదలయ్యే చోటుని కోడ్ పట్టుకుందన్నమాట.

నమ్మాలంటే ముందు ఓడించాలి

ఆటోకోరిలేషన్‌లో ఒక ప్రమాదం ఉంది. ఏ డేటా ఇచ్చినా ఏదో ఒక కొండ చూపిస్తుంది. ఉత్త రొద ఇచ్చినా ‘‘97 బీపీఎం’’ అని ధీమాగా చెబుతుంది. మనకి పక్కింటి మీద ముందే కోపం ఉంటే, ఆ నంబరు చూసి ఎగిరి గంతేస్తాం. కాబట్టి పక్కింటి గోడకి ముందు మీ ఇంటి గోడ మీదే పరీక్ష పెట్టండి.

బెడ్‌రూమ్‌లో స్పీకరు, హాల్లో సెన్సరు. స్నేహితుడినో చెల్లినో స్పీకర్ దగ్గర కూర్చోబెట్టి, మెట్రోనోమ్ యాప్‌లో మీకు చెప్పకుండా ఒక వేగం పెట్టమనండి. సన్నటి ‘టిక్’ కాదు, డ్రమ్ము శబ్దం ఎంచుకోవాలి. నిమిషం డేటా తీసి మీ జవాబు కాగితం మీద రాయండి. ఇలా పది రౌండ్లు ఆడండి. వాటిలో మూడు రౌండ్లు స్పీకర్ మొత్తానికే ఆపేయమనండి, ఏ మూడో మీకు తెలియకూడదు. ఆపేసిన రౌండ్లలో కూడా మీ కోడ్ ధీమాగా వేగం చెప్పేస్తుంటే అది ఇంకా దరువు పట్టట్లేదు, సోది చెబుతోంది. ఎంత ఎత్తు కొండ వస్తే నమ్మాలో ఆ నిశ్శబ్దపు రౌండ్లే నేర్పిస్తాయి. నా ప్రాజెక్టులో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ఆఫీసులో రాసే కోడ్‌కి టెస్ట్ కేసులు రాయాలంటే బద్ధకం వేస్తుంది, ఇక్కడ మాత్రం చెల్లితో పందెం కాస్తూ ఆడేయొచ్చు.

శబ్దం లేకుండా స్పీకర్‌ని పట్టడం

ఇంకో దారి ఉంది, అది కాస్త మ్యాజిక్‌లా ఉంటుంది. స్పీకర్ కాయిల్‌లో పాటకి తగ్గట్టు కరెంటు పారుతుంటే, చుట్టూ అయస్కాంత క్షేత్రం కూడా పాటలాగే మారుతుంది. సన్నటి ఎనామిల్ రాగి తీగని కొన్ని వందల చుట్లు చుట్టి ఆంప్లిఫయర్‌కి కలిపి స్పీకర్ దగ్గర పెట్టండి. గాలిలో శబ్దంతో పనిలేకుండా పాట ఆ తీగచుట్టలోకి దూకుతుంది. వినికిడి యంత్రాల్లో ఉండే ‘టెలికాయిల్’ చేసేదీ ఇదే. ఇటుక గోడ శబ్దాన్ని ఆపినట్టు ఈ క్షేత్రాన్ని ఆపలేదు.

అయితే దూరం ఆపేస్తుంది. దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. కాబట్టి స్పీకర్ సరిగ్గా గోడకి ఆనుకుని ఉంటే తప్ప ఇవతల దొరకడం కష్టం. పనికొచ్చేది కూడా అందుకే. కాయిల్‌లోనూ, గోడ మీది బిళ్లలోనూ ఒకే దరువు వస్తోందంటే, స్పీకర్ పెట్టె మీ ఉమ్మడి గోడకే ఆనించి ఉందని గట్టిగా అనుమానించొచ్చు. అలాంటప్పుడు పరిష్కారం కూడా చవకే. పెట్టెని జరిపితే చాలు.

గోడలకి చెవులు పెట్టొద్దు

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. పక్కింటి గోడకి సెన్సర్ అంటిస్తే వాళ్ల మాటలు కూడా వినిపిస్తాయా? ఈ భయం ఊరికే వచ్చింది కాదు. 2014లో ఎంఐటీ పరిశోధకులు గాజు వెనకున్న చిప్స్ ప్యాకెట్ వీడియో తీసి, దాని వణుకులోంచి మనిషి మాటని రాబట్టారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్, ఇజ్రాయెల్ పరిశోధకులు ఫోన్లోని గైరోస్కోప్ కూడా కొంతవరకు మాటల జాడ పట్టగలదని చూపించారు. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక అనుమతి లేని యాప్‌లకి ఇలాంటి మోషన్ సెన్సర్ల వేగాన్ని 200 హెర్ట్జ్‌కి పరిమితం చేశారు.

మన అదృష్టం ఏంటంటే దరువు ఉండే చోటు, మాట అర్థమయ్యే చోటు వేరువేరు. పాత టెలిఫోన్ లైన్లు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోసేవి, అయినా మాట స్పష్టంగా తెలిసేది. అంటే మాట బతికేది అక్కడ. మన దరువు 120 లోపే ఉంది. కాబట్టి ఫిల్టర్‌ని కోడ్‌లో కాదు, సర్క్యూట్‌లోనే పెట్టండి. ఆప్-ఆంప్ తర్వాత ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌తో 150 హెర్ట్జ్ పైనున్నదాన్ని అణిచేస్తే మాట బాగా బలహీనపడి గానీ మన చిప్‌కి చేరదు. పైగా ముడి రికార్డింగ్ దాచొద్దు. సమయం, బీపీఎం, బలం... ఈ మూడు అంకెలే దాచుకోండి. ఒకరి నిద్ర కోసం ఇంకొకరి ఇంట్లో చెవి పెట్టడం న్యాయం కాదు.

ఇంకో హద్దు కూడా గుర్తుంచుకోవాలి. ఇంట్లో చేసిన సెన్సర్‌కి కాలిబ్రేషన్ ఉండదు. అది ‘ఇన్ని డెసిబెళ్లు’ అని చెప్పలేదు, అధికారిక కొలతకి బదులుగా నిలబడదు. ‘ఫలానా రోజు రాత్రి 11:10 నుంచి 1:40 దాకా ఒకే దరువు వచ్చింది, బలం ఇలా మారింది’ అని మాత్రం చెప్పగలదు. అపార్ట్‌మెంట్ కమిటీ ముందు ‘‘రోజూ గోలే’’ అని అరవడం కన్నా ఆ ఒక్క పట్టిక బలమైనది. పరీక్షలకి చదివే పిల్లలకి, నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునే నర్సుకి, మంచం పట్టిన పెద్దవాళ్లకి ‘‘నీకే ఎక్కువ వినిపిస్తోంది’’ అనే మాట పడటం కన్నా అది మేలు.

గ్రాఫ్ చూపించి గొడవ పడకండి

పరిష్కారం చాలాసార్లు స్పీకర్ వైపే ఉంటుంది. కోడిగుడ్ల ట్రేలు గోడకి అంటిస్తే సౌండ్ ఆగుతుందన్నది మనవాళ్లు బాగా నమ్మే మాట. ట్రేకి బరువే లేదు, మాస్ లాకి కావాల్సిందే బరువు. అవి గదిలో సన్నటి ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయేమో గానీ బాస్‌ని ఆపలేవు. గోడకి వేలు ఖర్చు పెట్టే ముందు ఉచితంగా అయ్యేవి చూడండి. సబ్‌వూఫర్‌ని మూలలోంచి, ఉమ్మడి గోడ పక్కనుంచి ఇవతలికి జరపడం. నేలకి నేరుగా ఆనకుండా కింద మందపాటి రబ్బరు లేదా ఫోమ్ వేయడం. ఈక్వలైజర్‌లో 80 హెర్ట్జ్ కింద ఉన్నది కాస్త దించడం. మీ వైపు నుంచి మంచాన్ని మూలలోంచి జరపడం.

ఈ పనుల్లో ఏది ఎంత పనిచేసిందో సెన్సర్ అక్కడికక్కడే చెబుతుంది. అందుకే ఫిర్యాదు పత్రం పట్టుకుని కాకుండా, గ్రాఫ్ నడుస్తున్న ఫోన్ పట్టుకుని వెళ్లండి. ‘‘అన్నా, ఒక్క ఐదు నిమిషాలు... మీరు బాస్ తగ్గిస్తూ ఉండండి, ఇక్కడ గీత ఎక్కడ పడిపోతుందో చూద్దాం’’ అని అడగండి. ఆయన పాట ఆయనకి ఉంటుంది. వాల్యూమ్ కూడా పెద్దగా తగ్గించక్కర్లేదు. ఒక్క బాస్ నాబ్ రెండు గీతలు వెనక్కి తిప్పితే గోడకి ఇవతల కొండ కూలి మళ్లీ గడ్డి అవుతుంది. ఆ గడ్డి పేరే నిద్ర.